పిల్లి ముగించని దుప్పటి

ఒకప్పుడు పిల్లులు ఊలు అల్లేవి.

నమ్మబుద్ధి కావడం లేదు కదూ. మొదట్లో నేనూ నమ్మలేదు. తరవాత ఓసారి నేనే రెండు సూదులు కొనుక్కుని, ఎవర్నీ అడక్కుండా, సొంత తెలివితో ఒక మఫ్లరు మొదలుపెట్టాను. అది పూర్తయ్యేసరికి దానికి మూడే మూలలున్నాయి. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యి మీంచి వేడి గిన్నె దించడానికి బాగుంటుందంది. అప్పుడు తెలిసింది, ఈ విద్య మనుషులకి ఇచ్చింది కాదని. మనుషులంటే ఇక్కడ ముఖ్యంగా నేనే.

పిల్లులకి మాత్రం అది చిటికెలో పని. సూదులు కొనక్కర్లేదు, గోళ్ళున్నాయి. ఎడమ కాలి గోళ్ళ మీద ఊలుతో చిన్న చిన్న ఉచ్చులు వేసుకునేవి. కుడి కాలి గోళ్ళతో ఒక్కొక్క ఉచ్చునీ లాక్కుంటూ, ఒక వరస మీద ఇంకో వరస అల్లుకుంటూ పోయేవి. ఆ రోజుల్లో పిల్లి ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ఎవరి చెవులకీ చలి తగిలేది కాదట.

అలాంటి కాలంలో మన్యంలో ఒక చలికొండ మీద ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంటి యజమాని ఎరకయ్య. యజమాని అని ఊళ్ళోవాళ్ళు అనేవారు. ఇంట్లో మాత్రం పెత్తనమంతా అతని భార్య పైడమ్మది. వాళ్ళకో కూతురు, నూకాలు. ఓ పిల్లి, మిరియాలు. ఓ బక్క కుక్క, గంగులు. ఇంకా ఓ ముసలి గొర్రె. పిల్లి కుక్కని బావా అనేది, గొర్రెని వదినా అనేది. వరసలు ఎక్కడ కలిశాయో నన్నడక్కండి.

ఆ ఏడు చలి ముదిరే వేళకి నూకాలు పురిటికి పుట్టింటికొచ్చింది. కూతురు గడప దాటి లోపలికి రాగానే పైడమ్మ కళ్ళు ఇల్లంతా వెతికి పిల్లి మీద ఆగాయి.

"పసిగుడ్డు ఉండే ఇంట్లో పిల్లేటి, పిల్లి బొచ్చేటి? పురుటి స్నానం అవగానే దీన్ని గోనెసంచిలో కట్టి, కొండ అవతల దించేసి రా" అంది మొగుడితో.

ఎరకయ్యకి మనసొప్పలేదు. పెళ్ళాం మాటకి ఎదురు చెప్పే అలవాటూ లేదు. అందుకని, ఏ సంచి అని మాత్రం అడిగాడు.

అటక మీద పడుకున్న మిరియాలు ఈ మాటలన్నీ వింది. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పుట్టి కళ్ళు తెరిచింది ఆ ఇంట్లోనే. పొయ్యి పక్కన ఏ మూల ఎంతసేపు వెచ్చగా ఉంటుందో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కొండ అవతల పొయ్యి ఉందో లేదో కూడా తెలీదు.

కాసేపు బెంగ పడి, తరవాత ఆలోచించింది. పుట్టబోయే బిడ్డకి నేనో దుప్పటి అల్లితే? దుప్పటి అల్లిన దాన్ని సంచిలో కట్టడానికి ఎవరికి చేతులొస్తాయి?

వెంటనే మొదలుపెట్టేదే. కానీ ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డ కోసమంటూ ఏదీ కుట్టకూడదు, అల్లకూడదు, కొనకూడదు. కాబట్టి పిల్లి చేయగలిగింది ఒక్కటే. గొర్రెని బతిమాలి ఆ ఏటి ఊలంతా గంపలో పోయించుకుని, పురిటి గది తలుపు బయట గోళ్ళు చాపుకుని కూర్చుంది.

ఇంతే ఊలు, మళ్ళీ ఏడాదిదాకా అడక్కు, అని గొర్రె ముందే చెప్పింది. చలికి దాని పళ్ళు టకటకమంటున్నాయి.

ఒక తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి చూరులో పిచ్చుకలు లేచిపోయాయి, గంగులు గబుక్కున నిలబడి దొంగలెక్కడా అని చుట్టూ చూశాడు.

పిల్లి అయితే ఊలు పట్టుకుంది గానీ, ఎంత వెడల్పు అల్లాలో తెలీలేదు. పురిటి గదిలోకి దాన్ని రానివ్వరు. పోనీ ఒక దారంతో బిడ్డని కొలిచి చెప్పమని ఎరకయ్యని అడిగింది. ఎరకయ్య పైడమ్మని అడిగాడు. పసిబిడ్డని కొలిస్తే ఎదుగు ఆగిపోద్దని, ఆ మాత్రం తెలీకుండా తాత ఎలా అయిపోయావని పైడమ్మ చెడామడా తిట్టింది. ఎరకయ్య దారం జేబులో పెట్టుకుని పొలానికి పోయాడు.

మరి పిల్లికి దొరికిందల్లా ఆ ఏడుపే. చెవులు రిక్కించి విని లెక్క వేసుకుంది. గొంతే ఇంతుంటే, ఆ గొంతుని మోసే ఒళ్ళు ఎంతుండాలి? తక్కువలో తక్కువ దూడంత ఉంటుంది.

ఆ లెక్కనే ఉచ్చులు వెయ్యడం మొదలుపెట్టింది. వేస్తూనే ఉంది.

గంగులు వచ్చి, కాసేపు చూసి, ఇంత వెడల్పు ఎవరికని అడిగాడు. పిల్లి తన లెక్క చెప్పింది.

"మరదలా, నా గొంతు రోజూ వింటున్నావు కదా. నేనెంత ఉన్నాను?" అన్నాడు గంగులు.

"నీ లెక్క వేరు బావా. నీలో ఉన్నదంతా గొంతే" అంది పిల్లి.

గంగులు చెవులు వాల్చుకుని అవతలికి పోయాడు. అతనికి కోపం రాలేదు. నిజమేనేమో అని ఆలోచనలో పడ్డాడు, అంతే.

అల్లిక సాగింది. అన్ని ఉచ్చులు గోళ్ళ మీద పెట్టుకున్నాక నోటితో లెక్క పెట్టకపోతే కుదరదు. పిల్లి గొంతులోపలే లెక్క పెట్టుకునేది. బయటికి గుర్రు గుర్రుమని వినిపించేది. మధ్యలో ఎవరైనా పలకరించారా, లెక్క గల్లంతు. ఒకసారి గొర్రె వచ్చి, ఎండ వస్తుందంటావా అనడిగింది. రాదు వదినా అని జవాబు చెప్పిన పాపానికి పిల్లి రెండు వరసలు విప్పుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఎవరు పిలిచినా తల తిప్పడం మానేసింది. పొగరెక్కిందన్నారు. అననీ అనుకుంది.

గొర్రె ఎండ గురించి అడగడానికి కారణం లేకపోలేదు. కొండంతా మంచు కమ్మేసింది. ఎప్పుడు చూసినా తెల్లగా పొగ. పసిపిల్ల బట్టలంటే ఎన్ని ఉతకాలో ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మెత్తబడ్డ పాత పంచెలు, పాత చీరలు ముక్కలు చేసి బిడ్డకి చుడుతున్నారు. అవన్నీ ఉతికితే ఒక్కటీ ఆరదు. దండెం మీద బట్టలు, తలుపుల మీద బట్టలు, పొయ్యి గట్టు మీద బట్టలు. ఊలు పోయిన గొర్రె వీపు మీద కూడా రెండు ఆరేశారు. గొర్రెకి అవి కాస్త వెచ్చగా ఉంటాయనుకున్నారు. తడి బట్టలు వెచ్చగా ఎలా ఉంటాయని గొర్రెని ఎవరూ అడగలేదు.

అలా అలా పురుటి స్నానం రోజు వచ్చేసింది.

ఆ పొద్దున్న పిల్లి ఆఖరి వరసకి చేరింది. ఇక మిగిలింది మూసెయ్యడమే. అంటే ఒక్కో ఉచ్చునీ పక్క ఉచ్చులోంచి దూర్చి, చివరన ముడి వెయ్యడం. అది చెయ్యకుండా గోళ్ళు తీశారా, ఉచ్చులు జారి, ఒక వరస వెనక ఇంకో వరస విడిపోయి, దుప్పటి మళ్ళీ ఊలైపోతుంది.

పిల్లి గంపలోకి చూసింది. గంప అడుగు కనిపించింది. ఊలు అయిపోయింది.

దూడకి సరిపడా అల్లితే అంతే మరి. పిల్లి రెండు ముందరి కాళ్ళూ దుప్పటిలో ఇరుక్కుని ఉన్నాయి. ఆఖరి వరసంతా చీర కుచ్చెళ్ళలా గోళ్ళ మీద పోగై ఉంది. తీస్తే పోయె, తియ్యకపోతే ఎలా.

గొర్రె దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. ఒక్క వరస విప్పుకుని, ఆ ఊలుతోనే మూసెయ్యొచ్చు. అయితే ఇంత వెడల్పు వరస విప్పి మళ్ళీ మూసేసరికి మధ్యాహ్నం అవుతుంది.

ఈలోపు వసారాలోకి బిడ్డని తెచ్చారు. చుట్టాలు చుట్టూ చేరారు. బిడ్డ చలికి ఏడుపు అందుకుంది. పైడమ్మ పొడిబట్ట కోసం చెయ్యి చాపితే తడిబట్ట అందింది. ఇంకోటి తీస్తే అదీ తడే. వచ్చినవాళ్ళు తలో సలహా ఇచ్చారు. వాము పొగ వెయ్యమన్నారు, ఒళ్ళో గట్టిగా పట్టుకోమన్నారు. ఒక పెద్దావిడ, మా రోజుల్లో ఇంత చలి ఉండేది కాదంది. నూకాలు బిడ్డ పాదాలు పట్టుకుని చూసి, "అమ్మా, మంచుముక్కల్లా ఉన్నాయే" అంది. ఎరకయ్య ఓ మూల చేతిలో గోనెసంచితో నిలబడి, ఎటు చూడాలో తెలీక సంచి వైపే చూస్తున్నాడు.

పిల్లికి అన్నీ కనిపిస్తున్నాయి. అది అనుకున్నది ఇలా కాదు. చక్కగా మూసి, మడత పెట్టి, అందరి ముందూ బిడ్డ మీద కప్పి, మీసం దువ్వుకోవాలని. ఇప్పుడిలా కాళ్ళు ఇరుక్కున్న అల్లికతో వెళ్తే నలుగురూ నవ్వుతారు. మధ్యాహ్నం దాకా ఆగితే దుప్పటి పూర్తవుతుంది. బిడ్డ పాదాలు మాత్రం ఇప్పుడే చల్లబడుతున్నాయి.

"బావా, నన్ను వసారాలోకి లాక్కెళ్ళు" అంది.

గంగులు కొత్త ప్రశ్నలేం వెయ్యలేదు. ఒక పెద్ద చేట తెచ్చాడు. పిల్లీ దుప్పటీ కలిసి చేటలోకి దొర్లాయి. గంగులు చేట అంచు పళ్ళతో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిలంతా ఈడ్చుకొచ్చాడు. చుట్టాలు నిజంగానే నవ్వారు. పిల్లి తల తిప్పలేదు. దాని చూపంతా గోళ్ళ మీదే ఉంది.

నూకాలు బిడ్డని చాప మీద పడుకోబెట్టింది. పిల్లి దుప్పటిని బిడ్డ మీదికి లాగి, చుట్టూ సర్ది, తనూ పక్కనే ఒదిగింది. దుప్పటి అంత పెద్దది కదా, మడత మీద మడత పడింది. ఒక్క పొర అయితే ఆ చలికి ఆగేది కాదేమో.

ఇక ఉచ్చులు జారకుండా చూసుకోవడమే పని. ఎడమ వైపు ఉచ్చులు జారబోతే ఎడమ కాలు నొక్కేది. ఈలోగా కుడి వైపువి వదులయ్యేవి, కుడి కాలు నొక్కేది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. గోళ్ళు కాస్త బయటికి, కాస్త లోపలికి. ఒక్క ఉచ్చు కూడా తప్పిపోకూడదని గొంతులోపల లెక్క. గుర్రు, గుర్రు, గుర్రు.

బిడ్డ ఏడుపు సన్నబడింది. తరవాత వెక్కిళ్ళయింది. తరవాత అదీ ఆగిపోయింది. నూకాలు దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసి, తల్లి వైపు చూసి తలూపింది. బిడ్డ నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది.

ఎరకయ్య గొంతు సవరించుకుని, ఇప్పుడు తీసుకెళ్ళనా అని సంచి ఎత్తి సైగ చేశాడు.

పైడమ్మ పిల్లిని ఒక్క క్షణం చూసింది. "దాన్ని ముట్టుకున్నావా, బిడ్డ లేస్తాది" అంది. కాస్త ఆగి, "ఆ సంచిలో బొగ్గులు పోసి తేవయ్యా" అంది.

ఎరకయ్య ఆ ఏడాదిలో ఎప్పుడూ అంత వేగంగా నడవలేదు.

ఆ రోజు నుంచీ బిడ్డ నిద్రపోవాలంటే దుప్పటి ఉండాలి, దుప్పటి ఉండాలంటే పిల్లి ఉండాలి. పాలు కూడా అక్కడికే గిన్నెలో వచ్చేవి. పైడమ్మే తెచ్చేది. తెచ్చి, దగ్గర్లో పెట్టి పోయేది.

ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళు పొలంలో, నూకాలు నిద్రలో ఉన్నప్పుడు గొర్రె చల్లగా చేరింది. చుట్టూ చూసి, పిల్లి చెవి దగ్గర నోరు పెట్టింది. "ఒక్క వరస విప్పితే మూసెయ్యొచ్చని చెప్పాను కదే. ఇప్పుడు బోలెడు తీరిక. ఎందుకు ముగించవు?"

పిల్లి లెక్క ఆపింది. ఒక కన్ను తెరిచింది.

"ముగిస్తే దిగాలి కదా వదినా."

మళ్ళీ కన్ను మూసుకుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. గొర్రెకి నవ్వొచ్చింది. కానీ గొర్రెలు రహస్యం దాచడంలో గట్టివి. ఇప్పటికీ ఏ గొర్రెని అడిగినా ఒక్క 'మే' తప్ప ఇంకేం చెప్పదు.

అప్పటినుంచే పిల్లి మెత్తటిది ఏది కనిపించినా, దుప్పటైనా దిండైనా మీ ఒడైనా, దాని మీదికెక్కి, ముందరి కాళ్ళతో ఎడమా కుడీ నొక్కుతూ, గోళ్ళు బయటికీ లోపలికీ ఆడిస్తూ, కళ్ళు మూసుకుని గుర్రు గుర్రుమని లెక్క పెడుతుంది. ఎవరెంత పిలిచినా పలకదు, దిగదు.