ఎనిమిది ముద్రల సజ్జరొట్టె

ఒకానొక రాజ్యంలో రాజుగారికి దాత అనిపించుకోవాలన్న మోజు ఎక్కువ, దానం తక్కువ. ఆ రాజ్యం పేరు కనకగుంట. కనకమంతా పేరులోనే ఉంది, ఊరు నిండా ఉన్నది నల్లరేగడి. రాజుగారి పేరు ఉద్దండరాయలు. ఆయన తుమ్మితే వందిమాగధులు ఒక పద్యం చదివేవారు. దగ్గితే రెండోది అందుకునేవారు.

ఆయన కొలువులో ఓబన అని ఒక కుర్ర రాయసం ఉండేవాడు. రాజుగారి ఆజ్ఞల్ని తాటాకుల మీద గుండ్రటి అక్షరాల్లో రాయడం వాడి పని. మాట చురుకు, మనసు మెత్తన.

ప్రతి మంగళవారం కోట వెలుపల సంత జరిగేది. అక్కడ సిరియాల అనే పిల్ల సజ్జరొట్టెలు కాల్చి అమ్మేది. ఓబన వారమంతా ఆ ఒక్క రోజు కోసమే బతికేవాడు. పొయ్యి పొగలో ఆమె మొహం చూస్తే వాడికి మబ్బుల్లోంచి తొంగిచూసే చందమామ గుర్తొచ్చేది. పొగ కళ్ళలోకి పోయి నీళ్ళు కారినా రెప్ప వేసేవాడు కాదు.

ఇలా ఉండగా, పొరుగు రాజు తన సంతలో రైతుల్ని ఆదుకుంటున్నాడనీ, జనం ఆయన్ని దేవుడంటున్నారనీ ఎవరో మోసుకొచ్చారు. ఉద్దండరాయలవారికి ఆ పూట అన్నం సయించలేదు.

"మనమూ ఆదుకుందాం," అన్నారు మర్నాడు నిండు కొలువులో. "వాడికంటే గట్టిగా ఆదుకుందాం. మన నేల మీద పండించేవాళ్ళకీ, ఆ పంటతో వండి మన సంతలో అమ్ముకునేవాళ్ళకీ సంతసాయం చేస్తాం. తలకో పందిరి, పందిరికో గాదె, గాదె నిండా గింజలు."

సాయం ఇంకా గడప దాటకముందే వందిమాగధులు 'కర్షక కల్పవృక్షమా' అని ఎత్తుకున్నారు.

అప్పుడు మహామంత్రి భీమనామాత్యుడు లేచాడు. "ప్రభూ, అడిగిన ప్రతివాడికీ ఇస్తే సాయానికి విలువుండదు. వండింది మన నేల పంటేనా, శుచిగా ఉందా, అన్నది తేలాలి. అందుకని ఎనిమిది చావళ్ళు పెడదాం. ధాన్యానికొకటి, నీళ్ళకొకటి, కట్టెలకొకటి, ఉప్పుకొకటి... అలా చివరికి విస్తరాకుకొకటి. ఎనిమిది చోట్లా అధికారులు రుచి చూసి ముద్ర వేస్తేనే సాయం."

"ముద్ర పడనివాళ్ళ మాటేమిటి?"

"సంతలోంచి లేచిపోతారు ప్రభూ. సంత కూడా శుభ్రపడుతుంది."

ఓబన గంటం పట్టి రాశాడు. 'ఎనిమిది ముద్రలు లేని తిండి కనకగుంట సంతలో ఎవరూ అమ్మరాదు, ఎవరూ తినరాదు.' మంత్రి ఒకసారి చదివించుకుని మొహం చిట్లించాడు.

"గాంభీర్యం చాల్లేదోయ్. చివర 'ఎంతటివారైనా సరే' అని తగిలించు."

ఓబన తగిలించాడు. రాజుగారు ఉంగరం అద్దారు.

నెల తిరిగింది. ఆ మంగళవారం ఓబన సంతకి వెళ్ళేసరికి సగం దుకాణాలు లేవు. సిరియాల పొయ్యి ముందు కూర్చుని ఉంది గానీ, ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"ఏం రాయసంగారూ, ఇవాళా పొగ తాగిపోదామనే వచ్చారా, రొట్టె కూడా తింటారా?"

"నీకింకా ముద్రలు పడలేదా?"

"పడ్డాయి, రెండే. ధాన్యం చావడికి వేడి రొట్టె పట్టుకెళ్ళాను. అధికారి మూడొంతులు తిని ముద్ర వేసి, నీళ్ళ చావడికి నాలుగు రోజులాగి వెళ్ళమన్నాడు. అక్కడికెళ్ళేసరికి రొట్టె అట్టయింది. కట్టెల చావడికెళ్ళేసరికి కట్టే అయింది. 'ఇది రొట్టా, పీట చెక్కా? మళ్ళీ మొదట్నించి రా' అన్నారు. ఇలా అయిదుసార్లు తిరిగాను. వాళ్ళు ఒళ్ళు చేశారు, నేను చిక్కిపోయాను."

"అయితే ఎవరికీ సాయం అందలేదన్నమాట."

"ఎందుకందలేదూ? అదిగో." ఆమె అట్లకాడతో చూపించింది.

సంత నడుమ కొత్త రాతిమండపంలో మంత్రిగారి బావమరిది పట్టు తలపాగాతో కూర్చుని ఎండుఖర్జూరాలు అమ్ముతున్నాడు.

"ఖర్జూరం మన నేల మీద ఎక్కడ పండుతుంది?" అన్నాడు ఓబన.

"ఓడ మీద పండుతుంది. అయితే తిన్నవాళ్ళు గింజలు మన నేల మీదే ఉమ్మేస్తున్నారుగా, కాబట్టి మనదే అని ధాన్యం చావడివాళ్ళు తేల్చారట. ఎండినది కదా, ఎనిమిది చావళ్ళు తిరిగినా ఏడాది తిరిగినా దానికేం కాదు. పచ్చిదీ, వేడిదీ అమ్ముకునేవాళ్ళమే చెడ్డాం." ఆమె రొట్టె తిరగేసింది. "వచ్చే మంగళవారంతో ఇచ్చిన గడువు తీరుతుంది, అప్పటికీ ముద్రలు లేకపోతే ఈ పొయ్యి పగలగొడతారట. దీని మీద నేనూ, నాకు సజ్జలమ్మే నాలుగు కాపు కుటుంబాలూ బతుకుతున్నాం. సజ్జలు కొనేవాళ్ళు లేరంటే వాళ్ళు చేను బీడు పెట్టుకోవాల్సిందే."

ఆమె ఒక రొట్టె తీసి ఓబన చేతిలో పెట్టింది.

"ఆ ఆజ్ఞ మీరే రాశారటగా. అక్షరాలు చాలా గుండ్రంగా ఉన్నాయి. పొయ్యి పగలగొట్టేవాడు కూడా మెచ్చుకుంటాడు."

ఓబన రొట్టె కొరక్కుండానే వెనుదిరిగాడు. కోటకి నడిచి వెళ్తున్నంతసేపూ తను రాసిన ఒక్కొక్క అక్షరం కళ్ళ ముందు తిరిగింది. చివరి రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి వాడి నడక ఆగింది. కోట దారి విడిచి తిన్నగా ధాన్యం చావడికి పోయాడు.

"అయ్యా, సంతసాయం ఎంత బాగా సాగుతోందో చూపించడానికి వచ్చే మంగళవారం మహారాజుగారు మండపంలో సభ తీర్చి, జనం ఎదుట అక్కడే భోంచేస్తారట. ఆ వంటకి తమరు ముద్ర ఎప్పుడు వేస్తున్నారో కనుక్కుందామని వచ్చాను."

అధికారి నవ్వాడు. "రాజుగారి వంటకి ముద్రేమిటోయ్?"

"అవుననుకోండి. 'ఎంతటివారైనా సరే' అని నా చేత్తో నేనే రాశాను గనక అడిగాను. రేపెవరైనా ఆ మాట పట్టుకుంటే, ఆజ్ఞ ధిక్కరించింది రాజుగారు అనరు కదా. ముద్ర వెయ్యని అధికారి అంటారు. సరే, నాకెందుకు, వస్తాను."

అధికారి నవ్వు ఆగిపోయింది. సాయంత్రానికి ఎనిమిది చావళ్ళలోనూ ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మంగళవారం వచ్చింది. విందు దండిగా ఉంటుందని రాజుగారు పొద్దుట పాలు కూడా ముట్టకుండా ఏనుగెక్కి వేంచేశారు. వేలమంది జనం మూగారు. వెనకాలే కోటలోంచి గంగాళాలు వచ్చాయి. మండపం మెట్ల మీద ఎనిమిది మంది అధికారులు ముద్రలు పట్టుకుని వరుసగా నించున్నారు.

"ఆపండి," అన్నాడు ధాన్యం అధికారి వణుకుతూనే. "ఈ బియ్యం ఎక్కడివి?"

"సముద్రం అవతలివండి," అన్నాడు వంటవాడు. "ప్రభువులు మన బియ్యం ముట్టరు."

"అయితే పక్కన పెట్టండి."

నీళ్ళ అధికారి పులుసు ఆపాడు, ఏ బావి నీళ్ళో రాతమూలకంగా లేదని. కట్టెల అధికారి పిండివంటలు ఆపాడు. ఉప్పు అధికారి పప్పు రుచి చూశాడు, అనుమానం తీరక మళ్ళీ చూశాడు, మూడు గరిటెలయ్యాక నాలుగు రోజులాగి రమ్మన్నాడు.

భీమనామాత్యుడు మండిపడ్డాడు. "ఒళ్ళు తెలిసే చేస్తున్నారా?"

అధికారులు ఎనిమిది మందీ ఒక్కసారే వంగి దండం పెట్టారు. "తమరు రాయించిందే గదా మహామంత్రీ. 'ఎంతటివారైనా సరే' అన్నారు."

పొద్దు నడినెత్తికి వచ్చింది. జనం ఎదుట అన్నం కోసం అరిస్తే పరువు దక్కదు. ఉద్దండరాయలవారు సింహాసనం మీద అటు ఒరిగారు, ఇటు ఒరిగారు. ఆకలితో ఆయనకి అదే తొలి పరిచయం.

"ఏమోయ్ ఓబనా," అన్నారు గొంతు తగ్గించి. "తినడానికి ఇంకేమీ లేదా?"

"ఆజ్ఞ ప్రకారం తినదగ్గ తిండి ఈ సంతలో ఒక్కటే ఉంది ప్రభూ." ఓబన వెండిపళ్ళెంలో ఖర్జూరాలు పెట్టించాడు.

రాజుగారు ఆత్రంగా ఒకటి కొరికారు. టప్‌మని చప్పుడైంది. దవడ పట్టుకున్నారు.

"ఇది పండేమిటయ్యా, రాయి!"

"ఎనిమిది ముద్రలు పడ్డాయి ప్రభూ. రాయి అనడానికి వీల్లేదు."

సరిగ్గా అప్పుడే ఓ మూల నుంచి గాలి వీచింది. ఆ గాలిలో కాలుతున్న సజ్జపిండి వాసన, దాని వెనకే గోంగూర పచ్చడి వాసన. రాజుగారి ముక్కు ముందు లేచింది, తరవాత రాజుగారు లేచారు. గొడుగు పట్టేవాడు అందుకునేలోపే ఆయన మెట్లు దిగి సంత చివరికి నడిచారు.

అక్కడ పొయ్యి పగలగొట్టడానికి వచ్చిన భటులిద్దరు గునపాల మీద గడ్డాలానించి పెనం వంకే చూస్తున్నారు. సిరియాల రొట్టె మీద రొట్టె పేరుస్తోంది.

"ముద్రలు లేకుండా ఇదేం పని?" అని గద్దించాడు వెనకాలే వచ్చిన మంత్రి.

"అమ్మకూడదన్నారు, అమ్మడం లేదు. తినకూడదన్నారు, తినడం లేదు. కాల్చకూడదని ఎక్కడా రాయలేదటండి. కాలుస్తున్నాను."

"అమ్మాయీ," అన్నారు రాజుగారు, "ఒక రొట్టె ఇటివ్వు."

"ఇవ్వలేను మహారాజా. నేను అమ్మితే తప్పు, మీరు తింటే తప్పు."

"నేను రాజుని."

ఓబన తాటాకు విప్పాడు. చదవబోయాడు గానీ, రాజుగారు చెయ్యెత్తి ఆపారు. ఆ రెండు మాటలూ ఆయనకి పొద్దుట్నించీ కంఠతా వచ్చేశాయి.

"ఈ ఆజ్ఞ కొట్టేశాను."

"నోటిమాటతో కొట్టేస్తే చెల్లదు ప్రభూ," అని ఓబన రెండో తాటాకు తీశాడు. "రద్దు చేసినట్టు ఇందులో రాసి ఉంది. ఉంగరం అద్దడమే తరవాయి."

మంత్రి నోరు తెరిచేలోపు ఉంగరం పడింది. రాజుగారు చెయ్యి చాచారు. సిరియాల మాత్రం రొట్టె మీద మూత పెట్టింది.

"మళ్ళీ ఏమైంది?"

"బోణీ కాలేదండి. బోణీ ఊరికే ఇస్తే ఆ రోజంతా బేరం సాగదు."

రాజుగారు నడుం తడుముకున్నారు. రాజ్యంలో ప్రతి కాసు మీదా ఆయన బొమ్మ ఉంది గానీ, ఆయన దగ్గర ఒక్క కాసు లేదు. మంత్రి తన సంచి విప్పబోయాడు.

"బోణీ ఇంకొకరి డబ్బుతో చెయ్యరండి," అంది సిరియాల. "తినేవాళ్ళే చెయ్యాలి."

రాజుగారు మెళ్ళో ముత్యాలహారం తీశారు.

"దానికి చిల్లరివ్వాలంటే నేను మీ కోట అమ్ముకురావాలి. చేతిలో కాసు లేనివాళ్ళు మా సంతలో కష్టంతోనే బోణీ చేస్తారు మహారాజా. పొయ్యి ఆరిపోతోంది, ఊదండి." అని ఊదుగొట్టం చేతిలో పెట్టింది.

"అపచారం, అపచారం," అన్నాడు మంత్రి.

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా, రొట్టె చల్లారుతోంది," అని కసిరి ఉద్దండరాయలవారు గొంతుక్కూర్చున్నారు. బుగ్గలు పూరించి ఊదారు. బూడిద లేచి మీసాల మీద పడింది. పొగకి కళ్ళు బొటబొటా కారాయి. కిరీటం జారి చెవి మీదికొచ్చింది. మంట మాత్రం అంటుకుంది.

తరవాత ఆయన ఒకటి తిన్నారు. నువ్వులపొడితో ఇంకొకటి, గోంగూరతో రెండు. నాలుగోది అయ్యాక వేళ్ళు నాక్కుని తలెత్తారు. చుట్టూ వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇది మన దగ్గరే పండుతుందా?"

"పండుతుంది ప్రభూ," అన్నాడు ఓబన. "ఏటేటా పన్ను కూడా కడుతుంది."

రాజుగారు వాడి వంక నిదానంగా చూశారు. "నా వంటని ఆపించింది నువ్వేగా?"

ఓబన చేతులు కట్టుకున్నాడు. సిరియాల చేతిలో పిండిముద్ద ఆగిపోయింది.

"నేను రాసింది గుర్తు చేశానంతే ప్రభూ. ఆపింది తమ ఉంగరం. తమరికి ఒక్క పూట ఆగింది. ఈ సంతకి నెల రోజులు ఆగింది."

ముందు రాజుగారి పొట్ట కదిలింది, తరవాత భుజాలు, ఆ పైన నవ్వు. బూడిద మీసాలతో, జారిన కిరీటంతో ఆయన అలా నవ్వుతుంటే భటులు గునపాలు కింద పడేసి నవ్వారు.

"చావళ్ళు ఎత్తేయించండి," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "సంతసాయం ఈ పూటే, ఇక్కడే పంచాలి. పండించే చెయ్యి, కాల్చే చెయ్యి నాకు కనబడితే చాలు, ముద్రలక్కర్లేదు. భీమనామాత్యా, మీ బావమరిది దగ్గరున్న సరుకు అయిపోయేదాకా నీకు మూడు పూటలా అదే భోజనం. నెమ్మదిగా నమిలి తిను."

వందిమాగధులు 'రొట్టెల పాలిటి రాజశేఖరా' అని ఎత్తుకోబోయారు. రాజుగారు ఊదుగొట్టం వాళ్ళ వైపు చూపించారు. గప్‌చుప్‌.

ఆ తరవాత తన చేతి కంకణం ఊడదీసి ఓబన చేతికి తొడిగారు. ఇంత బంగారం వాడు పుట్టి ఎరగడు. వారాల తరబడి తనలో తానే అల్లుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నాలిక చివరికొచ్చాయి. సిరియాల వైపు తిరిగాడు.

"సిరియాలా, నీతో ఒక మాట..."

ఆమె వాడి భుజం మీదుగా అవతలికి చూసింది. రాజుగారు తిన్న రొట్టె మాకూ కావాలని జనం బారులు తీరారు. ఆ వరుస మండపం దాటి కోట గుమ్మం దాకా పోయింది. సజ్జలమ్మే కాపులు అప్పటికే మూటలు విప్పుతున్నారు.

"చెబుదురుగాని రాయసంగారూ, వింటాను," అంది నవ్వుతూ. "ముందు ఆకులు కడిగి ఇటందుకోండి. ఇంతమంది ఆకలితో నించున్నారు."

ఓబన రాజకంకణాన్ని మోచేతి దాకా ఎగదోసుకుని, ఆకులు కడగడానికి కూర్చున్నాడు.