పక్కగుహ వాళ్ళకు నిద్ర నేర్పిన ఎలుగుబంటి

మంచుకొండల నడుమ ఒకే బండ కింద రెండు గుహలుండేవి. ఒకదాంట్లో బొంతమ్మ అనే ఎలుగుబంటి, పక్కదాంట్లో ఒక మనుషుల గుంపు కాపురం. మనిషి అప్పటికింకా అడవి జంతువుల్లో ఒకడే. అందరితో మాట్లాడేవాడు, అందరికన్నా బక్కగా ఉండేవాడు. వాడికున్న బలమంతా గుహలో ఆరకుండా కాపాడుకునే నెగడు.

ఆ నెగడంటేనే బొంతమ్మకు గుండె మంట. కిందటి శీతకాలం దాని పొగ బండ పగుల్లోంచి ఆమె గుహలోకి దూరింది. గాఢనిద్రలో ఉన్న బొంతమ్మ ఉక్కిరిబిక్కిరై లేచి బయటికి పరుగెత్తింది. మళ్ళీ లోపలికి వచ్చేసరికి, అప్పుడప్పుడే పుట్టిన పిల్లలు చలికి కొయ్యబారిపోయి ఉన్నాయి. నాలుక మొద్దుబారేదాకా వాటిని నాకింది. ఒంట్లో వేడి తిరిగి రాలేదు.

ఈ ఏడు మళ్ళీ కడుపుతో ఉంది. ఆకులు రాలడం మొదలైనప్పటి నుంచీ చేపలు, తేనెపట్లు, పళ్ళు, దుంపలు, ఏది దొరికితే అది మేసింది. నడిస్తే ఒళ్ళంతా కొవ్వు ఊగుతోంది. తిరిపెం అనే నక్క వచ్చేసరికి వాగు ఒడ్డున ఇంకా తింటూనే ఉంది.

"ఏం అక్కా, కడుపు నిండుతున్నా మొహంలో కళ లేదే?" అంది నక్క.

"మనుషులు కట్టెలు పేరుస్తున్నారు, చూడలేదూ? ఈసారి కూడా నా పిల్లలు నాకు దక్కరు."

"నెగడు ఆర్పించు."

"ఆర్పితే చలికి చస్తారు. నా మాటెందుకు వింటారు?"

"చలి తెలియకుండా పడుకోమని చెప్పు. నీలాగా."

బొంతమ్మ నవ్వింది. "వాళ్ళ వల్ల ఎక్కడవుతుందిరా! నిద్రలో కరిగి కాపాడేది ఒంట్లో కొవ్వే. వాళ్ళ ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయి?"

"ఆ ఒక్క ముక్క నువ్వు చెప్పకు. మిగతాదంతా నిజమే కదా! రేపు నిన్ను ఎవరు తప్పుపడతారు?"

"మధ్యలో నీకేమిటి లాభం?"

"నువ్వు చల్లగా ఉంటే చాలదా అక్కా?" అని నక్క మూతి నాక్కుంది.

ఆ నాక్కోవడం బొంతమ్మ చూసింది. దాని అర్థం కూడా తెలిసింది. అంతలో కడుపులో పిల్లలు కదిలాయి. చూపు తిప్పుకుని మరో చేపను నోట కరుచుకుంది.

ఆ ఏడు మంచు తొందరగా పడింది. జింకలన్నీ లోయలోకి దిగిపోయాయి. వేటకు వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొచ్చారు. గుంపుకు పెద్ద దిక్కయిన దుగ్గి, చంకలో చిన్న కూతుర్ని వేసుకుని బొంతమ్మ గుహ ముందుకు వచ్చి కూలబడింది.

"బొంతమ్మా, శీతకాలమంతా నువ్వు బయటికే రావు. ఏం తింటావు?"

"ఏమీ తినను."

"నీళ్ళయినా తాగవా?"

"చుక్క ముట్టను. ముడుచుకుని పడుకుంటాను. లేచేసరికి మంచు కరిగి ఉంటుంది."

"ఆకలి నిద్ర పట్టనిస్తుందా?"

"నిద్రలో ఆకలి తెలియదు దుగ్గీ. నెగడు మాత్రం ఆర్పెయ్యండి. వెలుతురుంటే ఒంటికి నిద్ర పట్టదు."

చంకలో పిల్ల చెయ్యి చాచి ఎలుగు బొచ్చు పట్టుకుంది. "ఎంత మెత్తగా ఉందో!" అంది. బొంతమ్మ ఒళ్ళు వెనక్కి లాక్కుంది. దుగ్గి రెండు చేతులూ జోడించి, "చల్లని మాట చెప్పావు తల్లీ" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పగుల్లోంచి పొగ రాలేదు. బొంతమ్మ హాయిగా నిద్రపోయింది. నిద్రలోనే ఈనింది. పిల్లలు రొమ్ము వెతుక్కుని పాలు తాగుతుంటే, సగం తెలివిలో ఆ వెచ్చదనం అనుభవించింది. ఒకటి రెండుసార్లు పక్కగుహలోంచి ఏడుపు వినిపించినట్టయింది. తర్వాత అదీ లేదు.

కళ్ళ మీద వెలుగు పడి మెలకువ వచ్చింది. గుహ నోట్లో దుగ్గి నిలబడి ఉంది. చేతిలో మళ్ళీ రాజేసుకున్న కొరివి. వెనక ఈటెలు పట్టుకుని కొద్దిమంది. వాళ్ళ వెనక, దూరంగా, తిరిపెం.

"నిద్రపోయాం బొంతమ్మా," అంది దుగ్గి. గొంతు పీలగా ఉంది. "నువ్వు చెప్పినట్టే. ముసలివాళ్ళు ముందు పోయారు. పిల్లలు తర్వాత. నేను లేచేసరికి ఈ నక్క నా కూతుర్ని బయటికి ఈడుస్తోంది. గొంతు పట్టుకుంటే అంతా కక్కింది."

"అక్కే చెప్పింది, నాకేం తెలుసు!" అని దూరం నుంచే అరిచింది నక్క. "నేను కొవ్వు సంగతి చెప్పి మీకు మేలే చేశాను!"

దుగ్గి వంగి బొంతమ్మ డొక్కలో వేళ్ళు గుచ్చింది. "ఇదా సంగతి? ఆ ముక్క చెప్పి ఉంటే, ఏమీ తినకుండా పడుకునేవాళ్ళమా?"

"మీ పొగకు నా పిల్లలు పోయాయి దుగ్గీ."

"ఆ మాటైనా చెప్పలేదే! నెగడు గుహ అవతలి కొసకు జరుపుకునేవాళ్ళం."

బొంతమ్మ లేవబోయింది. నిద్రమత్తులో కాళ్ళు కదల్లేదు. "పిల్లలు... కళ్ళయినా తెరవలేదు" అంది.

"నా పిల్ల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి," అంది దుగ్గి. ఈటెలు దిగాయి.

మిగిలినవాళ్ళు ఆ మాంసం తిని, ఆ తోలు కప్పుకుని శీతకాలం గట్టెక్కారు. తల్లి లేని ఎలుగు పిల్లలు మర్నాటికే చల్లబడ్డాయి. వాటా కోసం దగ్గరికొచ్చిన తిరిపేన్ని కళ్ళ మీద కొరివితో కొట్టారు. అది గుడ్డిదై మంచులో ఎటో పోయింది.

ఆ గుంపు సంతానానికి ఇప్పటికీ పొద్దు కురచైతే చాలు, ఒళ్ళు బరువెక్కుతుంది, రెప్పలు వాలిపోతాయి. అలా కునికేవాళ్ళను దుగ్గి బతికున్నన్నాళ్ళూ జుట్టు పట్టుకుని కుదిపి లేపేది. ఎందుకని పిల్లలు అడిగితే నెగడులో ఇంకో కట్టె వేసేది.

నీతి: సగం దాచిన నిజం నిండు అబద్ధం కన్నా ఎక్కువమందిని చంపుతుంది, చెప్పినవాళ్ళను కూడా వదలదు.