చలివేంద్రంలో అడగని మాట

"అయ్యవారూ, ఈ యుద్ధం ఏ పోరుతో మలుపు తిరిగినట్టు?" అని దేచయ్య తన గురువు సింగనయ్య గారిని అడిగాడు.

అడిగే ముందు హంగామా బాగానే చేశాడు. ఆశ్రమం వాకిట్లో ఇసుక చదును చేసి, పుల్లతో ఏటిని గీసి, చింతగింజలతో రెండు దండులను పేర్చాడు. నల్లగింజలు పెద్దకోటవి, పొట్టు తీసిన తెల్లగింజలు చిన్నకోటవి. ముసలిరాజు పోయాక పెద్దరాణి కొడుకు పెద్దకోటలోనూ, చిన్నరాణి కొడుకు చిన్నకోటలోనూ పట్టం కట్టుకున్నారు. అప్పట్నుంచీ ఒకే మాట మాట్లాడేవాళ్లు, ఒకరి పెళ్లిలో ఒకరు వడ్డించినవాళ్లు, రెండుగా చీలి నరుక్కుంటున్నారు. ముళ్లకనుమ దగ్గర పెద్దకోట గెలిచింది. ఇసకవాగులో దాని ఏనుగులు కూరుకుపోయి ఓడిపోయింది. జొన్నచేల పోరు తర్వాత రెండు కోటల్లోనూ విజయభేరులు మోగాయి కాబట్టి ఎవరు గెలిచారో ఎవరికీ తెలియదు. కోతకొచ్చిన పంట కాలి బూడిదైందని మాత్రం అందరికీ తెలుసు. దేచయ్య ఇవన్నీ గింజలు జరిపి మరీ చూపించాడు.

అరుగుల మీద కూర్చుని సేనాపతుల తప్పులు దిద్దేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు ఒళ్లుమంట. దేచయ్యది మాత్రం ఆ సరదా కాదు, భయం. అతని అన్న కొమ్మయ్య పెద్దకోట దండులో చేరి, ఏటికి అవతల చిన్నకోట నేల మీద ఎక్కడో ఉన్నాడు. జొన్నచేల పోరు తర్వాత అతని కబురు లేదు. మలుపు ఎక్కడో తెలిస్తే ముగింపు ఎప్పుడో తెలుస్తుంది, ముగింపు తెలిస్తే అన్న వస్తాడో రాడో తెలుస్తుందని దేచయ్య ఆరాటం. పాపం, ఆ దిగులుతో అన్నం సరిగా తిని ఎన్నాళ్లయిందో.

సింగనయ్య గారు గింజల వంక చూశారు. "ఇవాళ పందిట్లో నువ్వుండు" అన్నారు.

పందిరంటే ఏటికి ఇవతల, పెద్దకోట వైపు దారిలో ఆశ్రమంవాళ్లు పెట్టిన చలివేంద్రం. తాటాకుల నీడ, తడి ఇసుకలో కుదురుగా నిలిపిన కుండలు, నీళ్లలో వట్టివేళ్లు. అవతలి ఒడ్డున కూడా అలాంటిదే ఒకటుంది. దాన్ని చిన్నకోట పల్లెవాళ్లు నడుపుతారు. రెండు చోట్లా కట్టుబాటు ఒకటే. వచ్చినవాడు ఆయుధాన్ని గుంజకు ఆనించి, వంగి దోసిలి పట్టాలి. పోసేవాడు ఏమీ అడక్కుండా పోయాలి. దోసిలికి రెండు చేతులూ కావాలి, వంగినవాడి మెడ ఎదుటివాడి దయ. అయినా ఈ యుద్ధం మొదలైనప్పట్నుంచీ ఆ రెండు పందిళ్లలోనూ వంగిన మెడ జోలికి ఎవరూ పోలేదు. కత్తులు ఆనించీ ఆనించీ గుంజలు మాత్రం ఒరుసుకుపోయాయి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక మనిషి దుమ్ము కొట్టుకుపోయి వచ్చాడు. ఎవరి దండువాడో పోల్చుకోవడానికి ఏముంది? తలపాగా అదే, యాస అదే, చెప్పులు కుట్టిన తీరు కూడా అదే. కత్తి గుంజకు ఆనించాడు, వంగాడు, దోసిలి పట్టాడు. దేచయ్య చెంబు వంచాడు. నీళ్లు అంచుదాకా వచ్చాయి. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి వైపు నువ్వు? పెద్దకోటా, చిన్నకోటా?"

ఆ మనిషి వంగే ఉన్నాడు. "నీళ్లు పోసేవాళ్లు అది అడగరు కదయ్యా" అన్నాడు మెల్లగా.

"మా అన్న ఆ ఒడ్డున ఉన్నాడు. మీవాళ్ల మధ్యలో ఉన్నాడు. చెబితేనే పోస్తాను."

ఖాళీ దోసిలి విడిపోయింది. ఆ మనిషి నిటారుగా నిలబడి కత్తి అందుకున్నాడు. దేచయ్య వెనక్కి తగ్గాడు గానీ, అతను కత్తి ఎత్తలేదు.

"అవతలి పందిట్లో నీళ్లు పోసేది మా చిన్నమ్మ" అన్నాడు. "దారి తప్పిన పెద్దకోట వాళ్లు కూడా వస్తుంటారు, తాగి పోతుంటారు. అడగొచ్చని మాకెవరికీ ఇన్నాళ్లూ తోచలేదు. ఇప్పుడు వెళ్లి చెబుతాను."

అని ఏటివైపు నడిచాడు. నాలుక పిడచగట్టుకుపోయిన మనిషి నడక ఎలా ఉంటుందో అలాగే ఉంది అతని నడక, తూలుతూ, ఎక్కడా ఆగకుండా.

సింగనయ్య గారు పందిరి వెనక నీడలో కూర్చుని నార పేనుతున్నారు. అంతా విన్నారు. దేచయ్య ఆయన దగ్గరికి వచ్చి, "చూశారా అయ్యవారూ, చిన్నకోటవాడే. నేను అనుమానించింది నిజమే" అన్నాడు. ఆ మాటలో గెలిచిన ధీమా ఉండాల్సింది. లేదు. ఆయన తల ఎత్తలేదు, పేనడమూ ఆపలేదు.

దేచయ్య ఏటివైపు చూశాడు. ఎండకు ఏరు చిక్కిపోయి, అటుపక్కన ఒక్క పాయ మాత్రం పారుతోంది. దాని అవతల గట్టు మీద ఆ ఒడ్డు పందిరి కనబడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని చూసినా చూడనట్టే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం అన్న కనిపించాడు అతనికి. కొమ్మయ్య పందిట్లోకి వస్తాడు, కత్తి గుంజకు ఆనిస్తాడు, చిన్నప్పట్నుంచీ అలవాటైన పద్ధతిలో అమాయకంగా వంగి దోసిలి పడతాడు. పైనుంచి నీళ్లకు బదులు ఒక ప్రశ్న పడుతుంది. కొమ్మయ్యకు అబద్ధం చెప్పడం రాదు. ఇంట్లో అందరూ దానికి అతన్ని ఆటపట్టించేవాళ్లు.

దేచయ్య గబుక్కున గురువు వైపు తిరిగాడు. "అయ్యవారూ, నేనేం చేశాను! మా అన్న... ఇప్పుడెలా?" అన్నాడు.

ఏటి ఇసుకలో ఆ మనిషి చిన్నగా కనబడుతున్నాడు. పాయకు దగ్గరవుతున్నాడు.

సింగనయ్య గారు నార పక్కన పడేసి లేచారు. కుండలో చెంబు ముంచి, నిండుగా తీసి, శిష్యుడి చేతిలో పెట్టారు.

"మలుపు ఎక్కడని కదూ అడిగావు? అతనింకా పాయ దాటలేదు. తొణికితే తొణికింది, పరుగెత్తు."