పొగడచెట్టుకు పట్టిన గొడుగు

ఇప్పటి పటాల్లో ఎంత వెతికినా దొరకని రాజ్యం ఒకటుండేది. దాని పేరు మొగలిపురం. గుర్రమెక్కి పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనం వేళకు అవతలి పొలిమేర చేరిపోవచ్చు, అంత చిన్నది. దాన్నేలే జయచండ భూపతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన నడక చూస్తే ముల్లోకాలూ వెనకాల వస్తున్నాయేమో అనిపించేది.

ఆ రాజుగారికి ఒక తెల్ల గొడుగు ఉండేది. అది విప్పితే చిన్న పందిరంత. ఆ గొడుగు నీడ పడిన మేరంతా రాజుగారిదేననీ, అందులో మరొకరి కాలు పడకూడదనీ తాతలనాటి కట్టడి. గొడుగు పట్టేవాడు సైతం పొడుగాటి వంపు కర్ర పట్టుకుని నీడకు బయటే నడిచేవాడు. ఒకసారి ముసలి మంత్రిగారు జారిన కండువా తీసుకోబోతూ ఒక్క అడుగు నీడలో వేశారు. పాపం, ఆ పూటంతా ఎండలో నిలబడ్డారు.

కోట వెనక తోటలో ఒక పాత పొగడచెట్టు ఉంది. తోటమాలి తవిటయ్య తాత నాటిన మొక్క అది. తాత నీళ్లు పోశాడు, తండ్రి పాదు చేశాడు, తవిటయ్య దాని కిందే పాకడం నేర్చుకున్నాడు. తెల్లవారేసరికి చెట్టు కింద చాప పరిచినట్టు పూలు రాలి ఉండేవి. అవి ఏరి రాజమాతకు పంపడం తవిటయ్య ఇంటివాళ్ల వంతు. ఎండిపోయినా వాసన పోని పూలు కదా, రాజమాత వాటిని బట్టల పెట్టెలో దాచుకునేది.

ఒకనాడు రాజుగారికి ఆ వాసన ముక్కున తగిలింది. వెంటనే పుట్టింది ఆలోచన. ఆ చెట్టు పక్కనే వసంత మండపం కట్టాలి, దాని చుట్టూ కాలువలూ మెట్లూ పూలబాటలూ ఉండాలి, పొగడపూల వాసన పీలుస్తూ తాను అందులో కూర్చోవాలి.

పని స్థపతి మౌనాచారికి అప్పగించారు. పేరుకే మౌనాచారి, ఆయన నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు. నెల తిరక్కుండా గంజి పెట్టిన తెల్లగుడ్డ మీద పటం గీసి సభలో పరిచాడు. మండపానికి ఎన్ని స్తంభాలు, మెట్టుకు ఎంత ఎత్తు, కాలువకు ఎంత వాలు, అన్నీ ఉన్నాయి. అందరూ ఆహా అన్నారు. తవిటయ్య మెడ చాచి తన చెట్టు కోసం వెతుక్కున్నాడు. మండపం పక్కన ఆవగింజంత చుక్క కనిపించింది.

"ఆచారిగారూ, ఇదేనా పొగడ?" అని అడిగాడు.

"మాను అక్కడుంది, చుక్క అక్కడ పెట్టాను. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు మౌనాచారి.

రాజుగారు పటం మీద ముద్ర గుద్దారు. "ఇందులో గీసింది గీసినట్టు జరగాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఇదిగో తవిటయ్యా, మండపం పూర్తయ్యే నాటికి చెట్టు పచ్చగా ఉండాలి. వాడిపోయిందా, నువ్వూ నీ కుటుంబమూ పొలిమేర దాటాలి" అన్నారు.

పని మొదలైంది. పటంలో చెట్టు ఆవగింజంతే కనక మిగిలిన చోటంతా ఖాళీ అనుకున్నారు పనివాళ్లు. నీడగా ఉంది కదా అని రాతి పలకలన్నీ చెట్టు మొదట్లోనే పేర్చారు. సున్నం నానబెట్టే గొయ్యి అక్కడే తవ్వారు. సున్నం నూరే గానుగ కూడా అక్కడే పెట్టి ఎద్దును కట్టారు. అది పొద్దస్తమానం ఆ వేళ్ల మీదే చుట్లు తిరుగుతోంది. రాళ్ల బండ్లు మలుపు తిరిగేది కూడా అక్కడే.

నలభై రోజులు గడిచాయి. వాన పడితే నీరు ఇంకడం మానేసింది. మట్టి ఇటుకలా గట్టిపడింది. ఒక ఉదయం పూలతో పాటు పసుపుపచ్చని ఆకులు రాలాయి. తవిటయ్య వాటిని ఒక్కొక్కటే ఏరి కండువాలో మూట కట్టాడు. పొలిమేర దాటించే మాట అప్పుడు అతనికి గుర్తుకు కూడా రాలేదు. మంచాన పడ్డ తండ్రిని చూసినప్పటి దిగులే మళ్లీ వచ్చి గుండెల్లో కూర్చుంది.

ఆ ఆకులూ, ఒక గట్టి మట్టిపెళ్లా పట్టుకుని సభకు వెళ్లాడు.

"మారాజా, చెట్టుకి ఊపిరాడటం లేదు. ఆ రాళ్లూ గానుగా అవతలికి జరిపించండి బాబూ" అన్నాడు.

రాజుగారు ఆకుల వైపు చూడనైనా లేదు. "చెట్టును ఎవరైనా తాకారా?" అని అడిగారు.

"తాకలేదు మారాజా."

"గొడ్డలి ఎత్తారా?"

"ఎత్తలేదు. కాని వేళ్లు..."

"తాకనిదానికి చేటు లేదు" అన్నారు రాజుగారు. ఆ మాట ఆయనకే ఎంతో నచ్చింది. "ఇది రాజవాక్కు, రాసుకోండి" అని లేఖకుడికి చెప్పారు. మౌనాచారి తల ఊపాడు. సభంతా తల ఊపింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది తవిటయ్య పని.

మధ్యాహ్నం భార్య సన్నెమ్మ అంబలి తెచ్చేసరికి అతను చెట్టు పక్కన రాళ్ల గుట్ట మీద కూలబడి ఉన్నాడు.

"అంబలి తాగు మావా. పస్తుంటే రాళ్లు కదుల్తాయా?" అంది.

"రాజుగారికి ఎలా చెప్పాలో తెలీడం లేదే. వేళ్లు కనపడవు కదా."

సన్నెమ్మ ముంత అతని చేతిలో పెట్టింది. "ఆయనకేం తెలుస్తుంది చెట్టు బాధ? పుట్టి బుద్ధెరిగాక ఒక్కచోట కదలకుండా ఎప్పుడైనా నిలబడ్డాడా? నాలుగు ఘడియలు ఈ సున్నం పక్కన నిలబెడితే ఆయనే చెబుతాడు" అంది.

తవిటయ్య ముంత ఎత్తబోయినవాడు ఆగిపోయాడు. భార్య మొహం వంక చూశాడు. తర్వాత అంబలి గుక్కతిప్పుకోకుండా తాగేశాడు.

మరో మూడు రోజుల్లో మొదటి స్తంభం నిలిపే ముహూర్తం. రాజుగారు స్వయంగా వచ్చి నిలబడాలి. ఆయన నిలిచే చోటు చదును చేసి ముగ్గు పెట్టడం తోటమాలి పని. తవిటయ్య వెళ్లి మౌనాచారిని వినయంగా అడిగాడు.

"ఆచారిగారూ, ముహూర్తం నాడు ప్రభువులు ఎక్కడ నిలుస్తారో పటంలో చూపించారా?"

ఆచారి తొందరలో ఉన్నాడు. కలం తీసి మండపం ముందు ఒక చుక్క పెట్టాడు. "ఇక్కడ."

"చోటు ఎంత వదలమంటారు?"

"పటంలో ఎంతుందో అంత. నేను గీసినదానికి నువ్వు ఎక్కువా తక్కువా చేయకు. ముద్ర పడిన పటం అది."

"చిత్తం" అన్నాడు తవిటయ్య.

ముహూర్తం రోజున మంత్రీ సభికులూ వెంట రాగా, సన్నాయి మేళంతో రాజుగారు వచ్చారు. మండపం లేవబోయే చోటికి ముందు తెల్లటి ముగ్గు గీసి ఉంది. రెండు పాదాలు పక్కపక్కన పెడితే సరిగ్గా సరిపోయేంత ముగ్గు. దానికి ఎడమవైపు జానెడు దూరంలో రాతి పలకలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. కుడివైపు కొత్తగా తవ్విన గొయ్యిలో సున్నం ఆవిర్లు కక్కుతూ ఉడుకుతోంది. వెనక మరో గానుగ, దానికి కట్టిన ఎద్దు. పనివాళ్లు ఎవరి పనిలో వాళ్లున్నారు. రాజుగారిని మాత్రం తాకవద్దని తవిటయ్య వాళ్లకు గట్టిగా చెప్పి ఉంచాడు.

మేళం మోగుతోంది, పురోహితుడు తొందరపెడుతున్నాడు, ముహూర్తం దాటిపోతోంది. రాజుగారు చేసేది లేక ముగ్గులో పాదాలు పెట్టారు. గొడుగు పట్టేవాడికి నిలబడే చోటు దొరక్క రాళ్ల గుట్ట ఎక్కాడు. గొడుగు నీడ రాళ్ల మీదా, సున్నం మీదా, ఎద్దు మీదా పడింది. ఎద్దుకు రాచమర్యాదలు ఏం తెలుసు? అది చుట్టు తిరిగినప్పుడల్లా నాలుగు కాళ్లతోనూ గొడుగు నీడలోకి వచ్చి, రాజుగారి మెడ మీద వేడిగా ఊపిరి విడిచి, తోకతో ఈగలు తోలుకుంటూ వెళ్లిపోతోంది.

మొదటి చుట్టుకు రాజుగారు దగ్గారు. రెండో చుట్టుకు కళ్లు మండాయి. మూడో చుట్టుకు పట్టు పంచె అంచు సున్నంలో మునిగింది.

"ఆపండి" అని గర్జించారు. సన్నాయి ఆగింది. ఎద్దు కూడా ఆగింది, సరిగ్గా ఆయన వెనకే. "ఎవడు చేశాడీ ఏర్పాటు?"

మౌనాచారి జీవితంలో మొదటిసారి మౌనం వహించాడు. తవిటయ్య పటం చేత్తో పట్టుకుని ముందుకు వచ్చాడు.

"నేనే మారాజా. పటంలో తమ చోటు ఈ చుక్కంత. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు."

"నాకు ఊపిరాడటం లేదు."

"తమర్ని ఎవరైనా తాకారా మారాజా?"

రాజుగారు అటూ ఇటూ చూశారు. "తాకలేదు."

"కత్తి ఎత్తారా?"

"ఎత్తలేదు. అయితే ఏం? ఈ..."

"తాకనిదానికి చేటు లేదని రాజవాక్కు. లేఖకులవారు రాసుకున్నారు కూడాను."

సభికులు నేల చూపులు చూశారు. రాజుగారి మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"మూర్ఖుడా, రాజంటే రెండు పాదాలేనా? నా గొడుగు నీడ పడిన మేరంతా నేనే. అందులో మంత్రి కాలు పెట్టినా నేను ఊరుకోలేదు, ఎద్దును తోలిస్తావా?"

తవిటయ్య చేతులు జోడించాడు. పొగడచెట్టు వైపు తిరిగాడు.

"చెట్టుకీ అంతే మారాజా. మిట్టమధ్యాహ్నం దాని నీడ ఎంత మేర పడుతుందో, మట్టిలో దాని వేళ్లు కనీసం అంత మేర ఉంటాయి. ఆ నీడంతా అదే. తమరు మూడు చుట్లు నిలబడ్డారు, నలభై మూడు రోజులుగా అది నిలబడే ఉంది. తమరికి నోరుంది, ఆపమన్నారు, ఆపేశాం. దానికి నోరు లేదు బాబూ. పసుపు ఆకులు రాల్చుకుంటోంది."

రాజుగారు తల ఎత్తి చెట్టును చూశారు. దాని వాసన కోసం ఇంత కట్టిస్తూ, దాన్ని సరిగ్గా చూడటం ఆయనకు అదే మొదలు. ఒక పక్క కొమ్మంతా పసుపు పట్టి ఉంది. తన పంచె అంచు చూసుకున్నారు. చెట్టు మొదట్లో అదే సున్నం పేరుకుని కనిపించింది.

అప్పుడు ఎద్దు ఆయన చెవి దగ్గర బుస్సుమంది. రాజుగారికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వాక అందరికీ ధైర్యం వచ్చింది, ముసలి మంత్రిగారైతే కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆయన ఎండలో నిలబడ్డ బాకీ కొంత తీరినట్టుంది.

రాజుగారు చేతి కడియం తీసి తవిటయ్యకు తొడిగారు. "ఇది నీ తెలివికి. ఇంకేం కావాలో అడుగు" అన్నారు.

"పటంలో ఒక గీత మారాజా."

తవిటయ్య బొగ్గుముక్క తీసుకుని ఆవగింజ చుట్టూ పెద్ద సున్నా చుట్టాడు, చెట్టు నీడ ఎంతో అంత. రాజుగారు ఆ గీత మీద ముద్ర గుద్దారు. ఆ సాయంత్రానికల్లా రాళ్లూ గానుగా బండ్ల దారీ గీత దాటి అవతలికి పోయాయి. నీడ అంచు వెంబడి వెదురు దడి లేచింది. తవిటయ్యా సన్నెమ్మా గట్టిపడిన నేలను చిన్న గునపాలతో వేళ్లకు తగలకుండా గుల్ల చేశారు, సున్నం పట్టిన మట్టి ఎత్తిపోసి, ఆకుచెత్త పరిచి, నీళ్లు పెట్టారు. పసుపు పట్టిన కొమ్మ దక్కలేదు. మిగిలిన చెట్టు రెండు వానలకు చిగురు తొడిగింది.

మండపం పూర్తయిన ఏడు పూలు విరగబూశాయి. తెల్లవారగానే రాజుగారు అడ్డదారిన చెట్టు కింది నుంచి మండపానికి పోబోయారు. దడి దగ్గర కాపలావాడు వంగి దండం పెట్టి, "ప్రభూ, గొడుగు నీడ" అన్నాడు. రాజుగారు ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, చిన్నగా నవ్వుకుంటూ చుట్టూ తిరిగి వెళ్లారు.

ఆ తర్వాత మౌనాచారి ఏ పటం గీసినా చెట్టున్న చోట చుక్క పెట్టడం మానేసి, నీడంత గొడుగు బొమ్మ వేసేవాడు. ఆయన శిష్యులూ అదే నేర్చుకున్నారు. ఎప్పుడైనా పాత గుడ్డపటం ఒకటి మీ కంటపడి, అందులో గొడుగులు కనిపిస్తే, అంతమంది రాజులు ఎక్కడి నుంచి వచ్చారా అని ఆశ్చర్యపోకండి. అవి చెట్లు.