కునుకు పట్టని మాంత్రికుడి ఇల్లు

గాలి ఒక్క పూటైనా ఊరుకోని సముద్రపుటొడ్డున, మీ తాతల తాతలు పుట్టకముందు, మకరకేతుడనే రాజు ఉండేవాడు. ఊఁ కొడుతున్నారా? మీరు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయకేతు, రణకేతు, మృదుకేతు. పెద్దవాళ్ళిద్దరికీ ఇళ్ళు కట్టించడమంటే పిచ్చి. మూడోవాడికి ఆ ఇళ్ళల్లో మనుషులు ఎక్కడ కుదురుగా కూర్చుంటారో, ఎక్కడ కూర్చోలేకపోతారో చూడడం పిచ్చి.

ఏడు సముద్రాల అవతల దీవిలో కరాళకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు హేలావతి అనే రాజకుమారిని ఎత్తుకుపోయి గదిలో పెట్టి తాళం వేశాడు. అంతటివాడికీ నూరేళ్ళుగా కంటిమీద కునుకు లేదు. పడుకుంటాడు, లేస్తాడు, బయటికి పరుగెడతాడు, మళ్ళీ వచ్చి పడుకుంటాడు. చివరికి విసిగిపోయి చాటింపు వేయించాడు. తనకు నిద్ర పట్టే ఇల్లు కట్టినవాడికి హేలావతిని ఇస్తాడట. నిద్ర పట్టకపోతే, కట్టినవాడు రాతి స్తంభమైపోతాడట.

పెద్దవాడు వెళ్ళి ఏడంతస్తుల మేడ కట్టాడు. తమ ఊళ్ళో అందరూ మెచ్చుకున్న మేడే. ఆ దీవి గాలికి మూడో రోజుకే పై అంతస్తులు ఊగిపోయాయి. జయకేతు స్తంభమయ్యాడు. రెండోవాడు వెళ్ళి, గాలి చొరకుండా, కిటికీ అన్నది లేని రాతి కోట కట్టాడు. లోపలి ఉక్కపోతకు మాంత్రికుడు చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. రణకేతు కూడా స్తంభమయ్యాడు.

ఈ కబురు విన్నాక మృదుకేతుకి కాలు నిలవలేదు. అన్నలిద్దరూ అక్కడ రాళ్ళై నిలబడి ఉంటే తనకిక్కడ ముద్ద ఎలా దిగుతుందని, తండ్రి కాళ్ళకు మొక్కి బయల్దేరాడు. ఒక ముసలి తాబేలు వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. తన డిప్ప తన ఒంటిని చూసుకుంటూ పెరిగిందని దారిపొడుగునా చెబుతూనే ఉంది.

మృదుకేతు దీవిలో దిగి మూడు రోజులు పార పట్టలేదు. ఊరికే తిరిగాడు, అడిగాడు. మూలలుంటే గాలి పట్టుకుంటుంది, గుండ్రంగా ఉంటే జారిపోతుంది అని గిజిగాడు చెప్పాడు. మట్టి గోడ పెట్టి పైన సందు వదిలితే వేడి దానంతటదే పోతుందని పుట్టలోని చెదపురుగులు చెప్పాయి. మాంత్రికుడు పూటకోసారి వచ్చి, ఇంకా గోడ లేవలేదేమని సతాయించాడు. నాలుగో రోజున మృదుకేతు మట్టి తొక్కి, గుండ్రటి గోడలతో, నడుం ఎత్తుదాకా దిగే తాటాకు కప్పుతో చుట్టిల్లు కట్టసాగాడు. గోడ రొమ్ము ఎత్తు లేచాక, ఏ మేస్త్రీ అయినా అడిగే మాటే అడిగాడు.

"గూడు తలవైపు వదలమంటారా, కాళ్ళవైపా?"

మాంత్రికుడి మొహం పాలిపోయింది. "చిలక సంగతి నీకెవడు చెప్పాడు?"

చూశారా, పాపం. ఇతను అడిగింది గోడలో దీపం పెట్టుకునే గూడు. వాడికి తట్టింది చిలక గూడు.

మృదుకేతు తొణకలేదు. "ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఎవరెవరుంటారో తెలియందే నేను ఇల్లు కట్టలేను."

ఆ మాటకు మాంత్రికుడు కూలబడి అంతా కక్కేశాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. దాన్ని దీవి చివర గుహలో దాచాడు. కన్ను మూస్తే ఎవరెత్తుకుపోతారోనని నూరేళ్ళుగా పరుగులు. చెప్పాక మళ్ళీ కోపం వచ్చింది. నిద్ర లేచీ లేవగానే నిన్నూ రాయిని చేస్తానన్నాడు.

మృదుకేతు తలవైపే గూడు వదిలి, దాని వెనక గోడ మాత్రం పలచగా మెత్తాడు. కప్పు వేయడం కూడా అయ్యాక మాంత్రికుడు చిలకను తెచ్చి గూట్లో పెట్టి, మిట్టమధ్యాహ్నం పక్కమీద వాలాడు. గాలి గోడల మీంచి జారిపోతోంది. వేడి పైకి పోతోంది. చిలక చేతికందేంత దూరంలో ఉంది. నూరేళ్ళకు వాడు గురక పెట్టాడు.

బయట మృదుకేతు గూటి వెనక గోడ దగ్గరికి చేరాడు. వాడు లేచేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. పలచటి గోడ తొలిచి చిలకను బయటికి తీశాడు. మెడ నులిమితే సరిపోతుంది. చెయ్యి రాలేదు. అలవాటు కొద్దీ, నీకెలాంటి ఇల్లు కావాలని అడిగాడు.

"ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు," అంది చిలక. "తాటి మోడులో తొర్ర చాలు. ఈ దీవి దాటానంటే, వాడి ప్రాణాన్ని నాలో కట్టేసిన మంత్రం తెగిపోతుంది."

వదిలేశాడు. చిలక సముద్రం మీద చుక్కంత అయి కనబడకుండా పోయేసరికి లోపల గురక సన్నగిల్లి ఆగిపోయింది. వాడు మరి లేవలేదు. నాకైతే కాస్త జాలేసింది. స్తంభాలు రెండూ ఒళ్ళు విరుచుకుని అన్నలయ్యాయి.

మృదుకేతు పరుగున వెళ్ళి హేలావతి గది తాళం పగలగొట్టాడు. నిన్ను పెళ్ళి చేసుకుంటాను అనబోయి ఆగి, నీకెలాంటి ఇల్లు కావాలని అడిగాడు.

"ఏడేళ్ళు ఈ గదిలో ఉన్నాను," అంది ఆమె. "తలుపుకి గడియ లోపలివైపు ఉండాలి."

అలాగే కట్టాడు. ఆ తర్వాతే పెళ్ళి జరిగింది. ఇద్దరూ అరవై ఏళ్ళు రాజ్యమేలారు. ఆమె ఎప్పుడైనా ఆ గడియ వేసుకుందా అంటారా? వేసుకుంది, చాలాసార్లు. అలాంటప్పుడు అంత పెద్ద రాజూ బయట అరుగుమీద కూర్చుని, ఆమె తీసేదాకా ఆగేవాడు.