అడవిని ఊడ్పించిన ఉడుత

అనగనగా ఒక అడవిలో ప్రపంచంలోకెల్లా ధైర్యంగల ఉడుత ఒకటుండేది. పేరు చిటుకు. పులి మీసం పీకుతానంటుంది, ఏనుగు తొండానికి ముడేస్తానంటుంది. అనడం వరకేనర్రా! పులి ఆవలిస్తే చాలు, మన వీరుడు ఎక్కడో చిటారు కొమ్మన తేలేవాడు.

ఒకరోజు చిటుకు తన గూడున్న నల్లమద్ది చెట్టెక్కి అరిచింది. "ఇది అడవా, చెత్తకుప్పా? ఎక్కడ చూసినా ఎండుటాకులే! పక్క అడవి వాళ్లు చూస్తే నవ్విపోరూ?"

జంతువులకు రోషం వచ్చింది. నెమలి పింఛంతో ఊడ్చింది. కుందేళ్లు వెనక్కాళ్లతో తన్నాయి. అడవిపందులు మూతులతో నెట్టాయి. ఆకులన్నీ లోయలో పడ్డాయి. నేల అద్దంలా మెరిసింది. ఒక్క ఎలుగుబంటి మాత్రం కదల్లేదు. "నా పరుపు జోలికొచ్చారంటే ఊరుకోను!" అని గుహ ముందున్న ఆకుల మీదే అటు తిరిగి పడుకుంది.

అది మొదలు ఏటా రాలిన ఆకు రాలినట్టే ఊడ్చేశారు. కొన్నేళ్లకు చెట్లు పైనుంచి ఎండసాగాయి. చివరికి నల్లమద్ది కూడా వాడింది. గూట్లో ఇంకా కళ్లు తెరవని చెల్లెళ్లున్నారు. కొమ్మ విరిగితే? చిటుకుకు గింజ సయించలేదు.

"వానలు తగ్గాయిరా అబ్బాయ్," అంది నెమలి.

"ఎండలు ముదిరాయి. మా మంచుదేశంలోనూ చెట్లు ఇలాగే మాడిపోతున్నాయి," అంది చలికాలానికి వచ్చిన పరదేశి బాతు.

వడ్రంగి పిట్ట బెరడు మీద టకటకా కొట్టి చూసింది. "పురుగు తొలిచేస్తోంది. ఒంట్లో నీరున్న చెట్టయితే బంక కార్చి పురుగును బయటికి నెట్టేస్తుంది. దీనికి ఆ ఓపిక ఏదీ?"

"సూర్యుడితో కుస్తీ పట్టగలను గానీ, ఇవాళ తీరిక లేదు," అంది చిటుకు. 

దిగులుగా కొమ్మలు దూకుతూ పోయి, ఎలుగుబంటి గుహ దగ్గర ఠక్కున ఆగింది. అక్కడి చెట్లు పచ్చగా ఉన్నాయి! అదే వాన, అదే ఎండ, అవే పురుగులు.

"మామా! నీ చెట్లకు ఏం పెడుతున్నావు?"

"ఏం పెట్టను? నిద్రపోతాను. కావాలంటే దిగి చూసుకో."

కింద గుట్టలుగా ఎండుటాకులు. చిటుకు తోక కుచ్చులా ఉబ్బింది. చెల్లెళ్లు గుర్తొచ్చారు. కళ్లు గట్టిగా మూసుకుని దూకేసింది. గలగల! పారిపోబోయి ఆగింది. వణుకుతూనే ఆకులు పక్కకు తోసింది. కింద మట్టి నల్లగా, మెత్తగా, తడిగా ఉంది. ఎప్పుడో కురిసిన వాన ఇంకా అక్కడే దాగుంది.

చిటుకు పరుగున వెళ్లి అందరినీ పిలిచింది. "అవి చెత్త కాదు, చెట్ల దుప్పటి! వానను ఆపి వేళ్లకు తాగించేవి అవే. ఊడ్పించిన తప్పు నాది. లోయలోంచి మోసుకొద్దాం, రండి!"

"ఊడ్చి ఊడ్చి నా పింఛం చీపురైంది. ఇప్పుడు మళ్లీ పరవాలా?" అని నెమలి విసుక్కుంది. విసుక్కుంటూనే మోసింది. ఎలుగుబంటి సణుగుతూ తన పరుపులో సగం ఇచ్చింది.

తర్వాత కురిసిన వాన పరుగెత్తిపోలేదు. ఆకుల కింద ఇంకింది. కొన్ని చెట్లు ఇక లేవలేదు. వాటి మొదళ్ల దగ్గర ఆకుల కింద గింజలు మొలకెత్తాయి. నల్లమద్ది బెరడు మీద ఒకనాడు బంక బొట్టు మెరిసింది. కొమ్మ చివర ఎర్రటి చిగురు తొంగిచూసింది. ఆ కొమ్మ మీద చెల్లెళ్లు పరుగుపందెం పెట్టుకున్నారు.

"ఒరే, నిజం చెప్పు," అంది నెమలి. "శుభ్రం కోసమే ఊడ్పించావా? నీ గూడు చూస్తే అలా అనిపించదే!"

చిటుకు తోకలో ముఖం దాచుకుంది. "శుభ్రం కాదు బాబాయ్... ఎండుటాకుల చప్పుడంటే నాకు హడల్. ఒకరోజు వెనకాల గలగలమంటే, పులి వస్తోందనుకుని పొద్దంతా తొర్రలో దాక్కున్నాను. తీరా చూస్తే... ఆకుల మీద ఈడ్చుకొచ్చింది నా తోకే!"

నీతి: చెత్త అని ఊడ్చేసే ముందు అది ఎవరి దాహం తీరుస్తోందో చూడాలి, తప్పని తెలిశాక దిద్దుకోవడానికి సిగ్గుపడకూడదు.