కుళ్ళాయమ్మ చేసిన చలిబొమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, ఇళ్ళ ముందు మేకతోళ్ళు ఆరేసుకునే ఒక ఊళ్ళో, కుళ్ళాయమ్మ అని ఒకావిడ ఉండేది. తోలుబొమ్మలు చేసేది. ఆవిడ ఉలి పట్టి చిల్లులు కొడితే సీతమ్మ మెడలో హారం నిజంగా మెరిసేది. మొగుడు తిప్పన్న తెర వెనక మద్దెల వాయించేవాడు. దగ్గరికి జరుగు కన్నా, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

ఒక వానాకాలంలో కుళ్ళాయమ్మకు చలిజ్వరం పట్టుకుంది. దినం విడిచి దినం, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు వచ్చేది. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చేది.

మొదటిసారి గోడ మీద ఒక నీడ కనబడింది. ఇంట్లో ఆ నీడకు మనిషి లేడు. రెండోసారి అది మంచం దాకా వచ్చి చేత్తో తడుముకుంది. మూడోసారి దిండు దగ్గరికొచ్చి ఆవిడ మొహం మీదికి వంగింది. దానికి మొహం ఉంది గానీ కళ్ళు లేవు. ఉత్త తోలులా నున్నగా ఉంది.

"ఇది నా మొహాన్ని తాకిందంటే ఊపిరి లాక్కునే పోతుంది" అనుకుంది కుళ్ళాయమ్మ. పాపం, ఎంత భయపడిందో!

ఆ తర్వాత తిప్పన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ మాత్రలిచ్చింది. జ్వరం దిగింది. చేతుల వణుకు మాత్రం పోలేదు, నీడా పోలేదు. తిప్పన్నకు చెబితే, "యాడుందే? నాకేం కనపడలే" అన్నాడు. ఆ మాటకు ఆవిడకు ఏడుపొచ్చింది. తన బాధ తన మనిషికే కనబడకపోతే రాదా మరి?

అప్పుడు మళ్ళీ దీపాల వేళయింది. నీడ వచ్చింది. కుళ్ళాయమ్మ ఈసారి కళ్ళు మూసుకోలేదు. పక్కనున్న తోలు లాక్కుని, "ఆడనే నిలబడు. నీ బొమ్మ గీస్తా" అంది.

అది నిలబడింది.

చెయ్యి వణికి గీత వంకర పోయింది. దిద్దబోయి ఆగింది. చలి ఎక్కడైనా నిటారుగా ఉంటుందా? ఆ వంకర గీత మీదే ఉలి పెట్టింది. నాలుక మీది తెలుపు, కంటి కింది నలుపు, జ్వరంతో కాలిన ఒంటి ఎరుపు, అవే రంగులు వేసింది. మూడు సాయంత్రాలు పట్టింది. నీడ రోజుకింత కిందికి వంగింది. మూడో సాయంత్రానికి దాని చల్లటి ఊపిరి ఆవిడ చెంపకు తగిలింది.

ఇక కళ్ళు మిగిలాయి. తోలుబొమ్మలు చేసేవాళ్ళు బొమ్మకు కళ్ళు ఆఖరున తెరుస్తారు. అదీ బొమ్మను గోడవైపు తిప్పిపెట్టి. మొదటి చూపు మనిషి మీద పడితే మంచిది కాదని వాళ్ళ భయం. తిప్పన్న చూసి బెదిరిపోయాడు. "వద్దే కుళ్ళాయీ! దీనికి కళ్ళు తెరవగాకు!"

"కళ్ళు లేకనే కదయ్యా, తడుముకుంటా నా మీదికొస్తా ఉండేది" అంది. బొమ్మను తనవైపే తిప్పుకుని ఉలి మీద రెండు దెబ్బలు వేసింది. టక్. టక్.

దీపం ఉన్నట్టుండి చిన్నదైంది. బొమ్మ ఆవిణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడా దాన్నే చూసింది. ఆ తర్వాత తలెత్తితే, దిండు దగ్గర నీడ లేదు.

మర్నాడు పొద్దు గూకగానే తెర కట్టారు. ఊరంతా వచ్చి కూర్చుంది. తెర మీదికి చలి గజగజా వణుక్కుంటూ వచ్చింది. కుళ్ళాయమ్మ దాని గొంతుతో, "ఎముకల్లో దూరతా, నిద్దట్లో కూచుంటా, ఎవురికీ కనపడను" అని పాడింది. అప్పుడు జనంలోనుంచి ముసలి ఓబులమ్మ లేచి, "ఇది నా మంచం కాడికీ వచ్చింది!" అని అరిచింది. "మా ఇంటికీ వచ్చింది" అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. తిప్పన్న చెయ్యి మద్దెల మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళకు అతనికీ కనబడింది.

ఆట అయ్యాక మెల్లిగా అడిగాడు. "బొమ్మను అంత బాగా ఎట్ల వణికించినావే?"

కుళ్ళాయమ్మ తన చేతులు చూసుకుంది. అవి కదలకుండా ఉన్నాయి.

"నేను వణికించలేదయ్యా" అంది. "అది వణుకుతా ఉంటే, పడిపోకుండా పట్టుకున్నా. అంతే."

కథ కంచికి, చలి కొండకి,
నిద్దర నీ కంటికి, మనం మనింటికి.